నీళ్ల అవతల రన్‌వే: మోటు రోగికి మల్కనగిరి విమానం అందుతుందా?

కొచ్చి నుంచి లక్షద్వీప్‌లోని అగత్తికి గాలి దారిన దాదాపు 460 కిలోమీటర్లు. భువనేశ్వర్ నుంచి అదే ఒడిశాలోని మల్కనగిరికి కూడా గాలి దారిన కొలిస్తే ఇంచుమించు అంతే. అగత్తి సముద్రం మధ్యలో ఉంది కాబట్టి అక్కడికి విమానం కావాలంటే ఎవరూ కాదనరు. మల్కనగిరి మాటెత్తితే మాత్రం రోడ్డుందిగా అంటారు. ఆ రోడ్డు 600 కిలోమీటర్ల పైమాటే, మధ్యలో ఘాట్లు ఎక్కి దిగాలి. జిల్లా దక్షిణపు కొసన మోటు దగ్గరికొచ్చేసరికి, వానాకాలంలో కొన్ని రోజులు ఆ రోడ్డు కూడా మిగలదు.

చిన్న విమానాశ్రయాలు నడిపే పని నాది. పొద్దున్నే రన్‌వే తనిఖీ, ఫైర్ సిబ్బంది డ్యూటీలు, వాతావరణం చూసి పైలట్‌కు చెప్పడం, విమానం వచ్చే ముందూ వెళ్లిన తర్వాతా ఉండే సవాలక్ష చిల్లర పనులు. మా ఇంటివాళ్లు మల్కనగిరి జిల్లాలోనే కలిమెల వైపు స్థిరపడ్డ తెలుగువాళ్లు. మల్కనగిరి ఎయిర్‌స్ట్రిప్ 2024 జనవరిలో ప్రారంభమయ్యాక కలిమెల, మోటు ప్రాంతాల కొన్ని తెలుగు కుటుంబాలవాళ్లు నన్నొక ప్రశ్న అడిగారు: "వరదప్పుడు మా దగ్గర ఒక మనిషికి ప్రాణం మీదికొస్తే, ఈ రన్‌వే మాకు పనికొస్తుందా?" అప్పటికి రోజూ తిరిగే ప్రయాణికుల విమానం అక్కడ లేదు. ప్రశ్న మాత్రం సరైనది. దానికి మేం కలిసి వెతికి, ఒక నోట్‌గా రాసి ఇచ్చిన జవాబు ఇది. వెతికినవాళ్లలో ఒక నర్సు, ఒక అంబులెన్స్ డ్రైవరు, ఇద్దరు ఆశా దీదీలు, పడవ నడిపే ఒక పెద్దాయన, నేను ఉన్నాం.

చోటు సంగతి

మల్కనగిరి జిల్లాలో నీళ్ల మధ్య చిక్కుకున్న ఊళ్లంటే అందరికీ గుర్తొచ్చేది చిత్రకొండ అవతలి కటాఫ్ ప్రాంతం. సీలేరు మీద బలిమెల ఆనకట్ట కట్టాక, ఆంధ్రప్రదేశ్, ఒడిశా పంచుకునే ఆ జలాశయం వెనక 151 ఊళ్లు మిగతా జిల్లా నుంచి తెగిపోయాయి. దశాబ్దాల తరబడి వాళ్లకి లాంచీయే దిక్కు. 2018 జూలై 26న గురుప్రియ వంతెన తెరిచాక ఆ ప్రాంతాన్ని స్వాభిమాన్ అంచల్ అంటున్నారు. 910 మీటర్ల వంతెన ఒక్కటి వేలమంది బతుకుల్లో గంటల లెక్కనే మార్చేసింది. విమానాల మనిషినైనా ఈ మాట మనస్ఫూర్తిగా చెబుతాను: ఆ ఊళ్లకి ఆ వంతెన చేసిన మేలు ఏ రన్‌వే చేయలేదు.

మోటు కథ వేరు. అక్కడ ఆనకట్ట లేదు, శబరి, సీలేరు కలిసే చోటది. ఒక ఒడ్డున ఒడిశా, ఎదురొడ్డున ఛత్తీస్‌గఢ్‌లోని కొంటా, ఇంకో పక్క ఆంధ్ర. తెలుగు, కోయ, ఒడియా, బెంగాలీ అన్నీ ఒకే సంతలో వినిపిస్తాయి. జ్వరమొస్తే చింతూరు, గట్టి జబ్బయితే భద్రాచలం, ఇంకా పెద్దదైతే విశాఖ. రాష్ట్రం గీత ఎక్కడుందో చూసుకుని ఎవరూ ఆస్పత్రికి పోరు, దారి ఎటుంటే అటు పోతారు. ఆ దారి ఎటూ లేని రోజులే మా కేసు.

పడవ పెద్దాయన్ని అడిగాను: "నీళ్లెక్కితే ముందు ఏ దారి పోద్ది మావా?"

"ముందు వాగులు పోతాయి బాబూ. గోదారి నిండితే శబరికి పోను చోటుండదు, ఎనక్కి తన్నుద్ది. ఆ నీళ్లు మా వాగుల్లోకి ఎదురొస్తాయి. అడ్డంగా పారే నీళ్లలో పడవేస్తా. సుడి తిరిగే నీళ్లలో ఎయ్యను, ఎంతిచ్చినా ఎయ్యను."

నా మొత్తం నోట్‌కి ఈ నాలుగు మాటలే పునాది అయ్యాయి. 2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు చేరినప్పుడు జరిగింది ఇదే. చింతూరు, కూనవరం నీళ్లలో ఉన్నాయి కాబట్టి ఆంధ్ర వైపు వెళ్లి లాభం లేదు. మల్కనగిరి వైపు పోయే 326వ జాతీయ రహదారి మీదా నీళ్లే. 1986 ఆగస్టులో అదే భద్రాచలం దగ్గర 75.6 అడుగులు చూసిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. పోలవరం నిండాక వెనకజలాలు ఇంకెంత దూరం వస్తాయోనన్న భయం ఇక్కడ ప్రతి ఇంట్లో ఉంది. దానిమీద నేను తీర్పు చెప్పబోవడం లేదు, కానీ నీళ్లు ఇప్పటికంటే ఎక్కువ రోజులు నిలుస్తాయనుకునే మా నోట్ రాసుకున్నాం.

కాగితం మీద ఒక రోగి

జీలుగు కల్లు గీసే మనిషి ఒకడు చెట్టు మీంచి పడ్డాడు. తలకి దెబ్బ. మాట తడబడుతోంది, ఒకసారి వాంతి చేసుకున్నాడు. స్కాన్ కావాలి, అవసరమైతే మెదడుకి ఆపరేషన్ చేసే చోటుకి పంపాలి. డాక్టరు విశాఖకి రాశాడు. ఇలాంటి రోగిని ఊహించుకుని, ఊరి నుంచి విశాఖ దాకా ప్రతి అడుగుకీ ఎంత సేపు పడుతుందో లెక్క కట్టాం. రోడ్డున్న రోజుకి ఒక లెక్క, లేని రోజుకి ఇంకో లెక్క. వీలైన చోటల్లా అంబులెన్స్‌ని నిజంగానే నడిపి చూశాం.

మల్కనగిరి నుంచి విశాఖకి గాలి దారిన సుమారు 160 కిలోమీటర్లు. తొమ్మిదిమంది కూర్చునే సెస్నా కారవాన్‌కి అది నలభై నిమిషాల్లోపు పని. రోడ్డు మీద జయపురం, సాలూరు మీదుగా పోతే ఏడెనిమిది గంటలు. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి విమానం ఎంత గొప్పదో చెప్పడం తేలిక. అక్కడితో ఆగితే ప్రజల్ని తప్పుదారి పట్టించినట్టే.

రోడ్డున్న రోజు సంగతి చూద్దాం. మోటు నుంచి ఎయిర్‌స్ట్రిప్‌కి అంబులెన్స్‌లో రెండు గంటల పైబడి పడుతుంది. విమానం మల్కనగిరిలో ఉండదు, భువనేశ్వర్ నుంచి రావాలి. పైలట్లు తయారై, ఇంధనం నింపి, స్ట్రెచర్ బిగించి బయల్దేరడానికి గంట, ఎగిరి రావడానికి గంటన్నర. ఈ రెండు పనులూ ఒకే సమయంలో మొదలైతే రోగీ విమానమూ దాదాపు ఒకేసారి రన్‌వే దగ్గరికి చేరతారు. విశాఖలో మళ్లీ అంబులెన్స్. మొత్తం నాలుగైదు గంటల్లో పెద్దాస్పత్రి. రోడ్డు కంటే నాలుగు గంటలు మిగిలినట్టు. తలకి దెబ్బ తగిలిన మనిషికి ఆ నాలుగు గంటలే ప్రాణం.

కానీ ఆ రెండు పనులూ ఒకేసారి మొదలు కావు. మేం కనిపెట్టిన మొదటి పెద్ద విషయం ఇదే. ఆశా దీదీ నుంచి డాక్టరుకి, డాక్టరు నుంచి జిల్లా వైద్యాధికారికి, అక్కడి నుంచి కలెక్టర్ ఆఫీసుకి, అక్కడి నుంచి రాజధానికి, రాజధాని నుంచి విమానం నడిపేవాళ్లకి, వాళ్ల నుంచి విశాఖ విమానాశ్రయానికి ఫోన్లు ఒకదాని వెనక ఒకటి పోవాలి. ఒక్కో మెట్టు దగ్గర ఇరవై నిమిషాలు ఆగినా విమానం రెక్క కదలకముందే రెండు గంటలు హారతి. నలభై నిమిషాల ప్రయాణం కోసం రెండు గంటల అనుమతులు!

ఈ విషయంలో లక్షద్వీప్ నుంచి నేర్చుకోవాల్సింది చాలా ఉంది. ద్వీపాల నుంచి రోగుల్ని హెలికాప్టర్లలో అగత్తికో కవరత్తికో కొచ్చికో తరలించడం అక్కడి పాలనలో ఎప్పటినుంచో భాగం. 2021 మేలో ఆ తరలింపుకి నలుగురు సభ్యుల కమిటీ ఆమోదం కావాలన్న ఉత్తర్వు వచ్చినప్పుడు ద్వీపవాసులు గట్టిగా ఎదురు తిరిగారు. నాకు వాళ్ల కోపం పూర్తిగా న్యాయంగా తోచింది. రోగి పక్కనున్న డాక్టరుకి తెలిసిన దానికంటే ఎక్కువ ఆ కమిటీకి తెలిసేదేముంటుంది? అందుకే మా నోట్‌లో మొదటి సిఫారసు ఇదే: డ్యూటీ డాక్టరు చెబితే విమానం బయల్దేరాలి. లెక్కలూ సంతకాలూ విమానం గాల్లో ఉండగా చేసుకోవచ్చు. అక్కర్లేదని తేలితే దారిలోంచే వెనక్కి పిలవచ్చు. అందుకయ్యే ఇంధనం ఖర్చుని దుబారా అనకూడదు, అది ఈ సేవకయ్యే మామూలు ఖర్చే.

ఇక రోడ్డు లేని రోజు.

ఆ రోజు రన్‌వే నీళ్ల అవతల ఉంటుంది. రోగి ఇవతల ఉంటాడు. రన్‌వేని ఇంకో కిలోమీటరు పెంచినా, టెర్మినల్‌కి గాజు తలుపులు పెట్టినా, ఆ మనిషి దాని దగ్గరికి రాలేడు. ఊళ్లో విమానాశ్రయం పేరు చెప్పి ఆశ పెట్టినవాళ్లెవరూ ఈ మాట చెప్పలేదు. ఇది చెప్పినప్పుడు కొందరు పెద్దలు నామీద నొచ్చుకున్నారు కూడా. అయినా చెప్పక తప్పలేదు, ఎందుకంటే పరిష్కారం అక్కడి నుంచే మొదలవుతుంది.

అగత్తికి చుట్టూ ఉన్న మిగతా ద్వీపాల్లో రన్‌వేలు లేవు. అక్కడి నుంచి రోగి హెలికాప్టర్లో అగత్తికి వస్తాడు, అగత్తి నుంచి విమానం కొచ్చి దారి పడుతుంది. రన్‌వే, హెలిపాడ్ జంటగా పనిచేస్తేనే ద్వీపానికి విమానాశ్రయం ఉన్నట్టు. మోటుకీ అదే వర్తిస్తుంది. ఎన్నికలప్పుడు పోలింగ్ సిబ్బందిని ఈ జిల్లాలో మారుమూలకి హెలికాప్టర్లలో దించుతూనే ఉన్నారు. పెట్టెలు దిగే చోట రోగి ఎక్కలేడా? వరద ఎక్కని మెరక మీద ఒక బడి మైదానాన్ని చూసి, చుట్టూ కరెంటు తీగలు, కొబ్బరి చెట్లు ఎంత దూరంలో ఉన్నాయో కొలిచి, అక్షాంశ రేఖాంశాలు రాసి పెట్టుకున్నాం. దిగేటప్పుడు పైకి లేచే రేకులు, టార్పాలిన్లు, గడ్డి దగ్గర్లో ఉండకూడదు. జనాన్ని ఆపడానికి తాడు, నలుగురు కుర్రాళ్లు కావాలి. తోక వైపు నుంచి ఎవరూ దగ్గరికి పోకూడదని ఆ కుర్రాళ్లకి పదే పదే చెప్పాం. ఇదంతా డబ్బు లేని పనే, ఎవరో ఒకరు ముందే చేసి పెట్టాలి అంతే.

విమానం వైపు లెక్కలు

రన్‌వే పొడవు గురించి అందరూ ముందు అడుగుతారు, నేను త్వరగా ముగిస్తాను. విమానాశ్రయాల అంతర్జాతీయ కోడ్‌లో 800 నుంచి 1200 మీటర్ల లోపు అవసరమయ్యే విమానాలకి 2 అంకె, 15 నుంచి 24 మీటర్ల లోపు రెక్కల వెడల్పుకి బి అక్షరం. కారవాన్, డోర్నియర్ 228 లాంటి చిన్న విమానాలు బి లోకే వస్తాయి. రోగిని తీసుకుపోవడానికి వీటికంటే పెద్దది అక్కర్లేదు. అగత్తిలో 72 సీట్ల ఏటీఆర్ బరువు తగ్గించుకుని దిగాల్సి వస్తుంది, అక్కడి రన్‌వే దాదాపు 1200 మీటర్లే కాబట్టి. మనకి ఆ బాధ లేదు.

వేడి సంగతి మాత్రం చూసుకోవాలి. ఎండలో గాలి పలచబడుతుంది, ఇంజనూ రెక్కా రెండూ బలం కోల్పోతాయి. లెక్క కోసం పైలట్లు ప్రతి అదనపు డిగ్రీకి సుమారు 120 అడుగుల ఎత్తు కలుపుతారు. సముద్రమట్టానికి 180 మీటర్ల ఎత్తున్న మల్కనగిరిలో 42 డిగ్రీల ఎండలో విమానం దాదాపు 1200 మీటర్ల ఎత్తున ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. 600 మీటర్ల మీదున్న జయపురంలో 38 డిగ్రీలకే అది 1600 మీటర్ల దగ్గరికి పోతుంది. ఖాళీగా ఉన్న అంబులెన్స్ విమానానికి రెండూ ఫర్వాలేదు. రోగితో పాటు ఇంటిల్లిపాదీ ఎక్కుతామంటేనే చిక్కు. ఒక్క తోడు మనిషికే చోటని ఊళ్లో ముందే చెప్పి ఉంచాలి. ఆ క్షణంలో చెబితే ఏడుపులూ గొడవా అవుతాయి.

ఇంధనం అక్కడ దొరకకపోయినా ఇబ్బంది లేదు. కారవాన్ నిండుగా పోసుకుంటే భువనేశ్వర్, మల్కనగిరి, విశాఖ, తిరిగి భువనేశ్వర్ దాకా తిరిగొచ్చేస్తుంది.

లైసెన్సు గురించి ఒక ముక్క. టికెట్లు అమ్మి టైం ప్రకారం నడిచే విమానానికి లైసెన్సున్న విమానాశ్రయం కావాలి. రోగి కోసం పిలిచే చార్టర్ విమానం లైసెన్సు లేని స్ట్రిప్ మీద కూడా నిబంధనల ప్రకారం దిగొచ్చు. కాబట్టి "రోజూ సర్వీసు మొదలయ్యాక చూద్దాం" అనడం తప్పించుకోవడమే. స్ట్రిప్‌ని శుభ్రంగా ఉంచడం మాత్రం తప్పనిసరి. విమానాలు రాని స్ట్రిప్‌ల మీద జనం వడ్లు, ఇప్పపువ్వు ఎండబెట్టుకుంటారు, మేకలు అడ్డదారిగా నడుస్తాయి. మంచి ఎండ తగిలే చదునైన చోటు ఊరికే పడుంటే ఎవరు మాత్రం వాడుకోరు? గోడ కట్టినంత మాత్రాన ఇది ఆగదు. పశువుల దారి ఎక్కడుందో చూసి, దానికి వేరే దారి చూపించాకే గోడ నిలుస్తుంది.

అగ్నిమాపక దళం లెక్క విమానం పొడవుని బట్టి ఉంటుంది. కారవాన్ పొడవు 12.68 మీటర్లు, మూడో కేటగిరీలోకి వస్తుంది. దానికి కనీసం 1200 లీటర్ల నీళ్లు, నురగ, ఒక బండి ఉండాలి. పిలుపు అందాక మూడు నిమిషాల లోపు రన్‌వే ఏ కొసకైనా చేరాలి. వారానికొక విమానం కూడా రాని చోట ఈ సిబ్బందిని ఊరికే కూర్చోబెట్టలేం, తీసేస్తే అవసరానికి దొరకరు. స్కాట్లండ్‌లోని చిన్న ద్వీప విమానాశ్రయాల్లో ఫైర్ డ్యూటీ చేసేవాళ్లే సామాన్లు మోస్తారు, మిగతా పనులూ చూస్తారు. మన దగ్గర కూడా స్థానిక యువకులకి శిక్షణ ఇచ్చి, రోడ్డు ప్రమాదాలూ వరద సహాయమూ చూసే దళంలో వాళ్లని కలిపేస్తే చెయ్యి ఖాళీగా ఉండదు, నైపుణ్యమూ తుప్పు పట్టదు.

మబ్బు

నా వృత్తిలో నాకు అన్నిటికంటే ప్రాణమైన విషయం ఇది. ఇక్కడ కాస్త నిదానిస్తాను.

పరికరాల సాయం లేని చిన్న స్ట్రిప్‌లో పైలట్ కంటితో చూసే దిగాలి. అయిదు కిలోమీటర్ల దూరం కనిపించాలి, మబ్బుకి కింద 300 మీటర్లు, పక్కకి 1500 మీటర్లు ఎడం ఉండాలి. సూర్యాస్తమయం దాటాక ఇరవై నిమిషాలతో సరి, ఆ తర్వాత లేదు. వరదొచ్చే రోజులూ మబ్బు కిందికి దిగే రోజులూ ఒకటే. అంటే మనిషికి అత్యవసరమైన రోజే విమానానికి కష్టమైన రోజు.

అలాగని చేతులెత్తేయక్కర్లేదు. రోజంతా ఒకేలా ఉండదు కదా. జూలై, ఆగస్టుల్లో పొద్దున ఘాట్ల మీద మబ్బు పరుచుకుని ఉంటుంది. ఎండ పొడ తగిలాక పైకి లేస్తుంది. మధ్యాహ్నం తర్వాత ఉరుముల మబ్బులు కట్టడం మొదలవుతుంది. పది నుంచి రెండు మధ్యలో తెరిపి దొరికే అవకాశం ఎక్కువ. ఆ తెరిపిని పట్టుకోవాలంటే భువనేశ్వర్‌లో కూర్చున్న పైలట్‌కి మల్కనగిరి ఆకాశం నిజంగా ఎలా ఉందో చెప్పే మనిషి కావాలి. యాప్‌లో బొమ్మ సరిపోదు.

ఆ మనిషికి నేర్పడం కష్టమేమీ కాదు. స్ట్రిప్ మీద నిలబడి నాలుగు వైపులా కనిపించే గుర్తులు రాసుకున్నాం: ఫలానా గుట్ట ఇన్ని కిలోమీటర్లు, ఫలానా టవర్ ఇన్ని, ఫలానా చెట్ల వరస ఇన్ని. ఏది కనిపిస్తే అంత దూరం చూపు ఉన్నట్టు. గుట్టల ఎత్తులు తెలుసు కాబట్టి మబ్బు ఏ గుట్ట నడుముకి తగిలిందో చూసి మబ్బు అడుగు ఎంత ఎత్తులో ఉందో అంచనా వేయొచ్చు. గాలి దిక్కు విండ్‌సాక్ (కర్రకి కట్టి గాలికి ఊగే గుడ్డ గొట్టం) చెబుతుంది. ఉదయం ఆరు నుంచి ప్రతి గంటకీ ఈ నాలుగు ముక్కలు ఫోన్‌లో పంపితే చాలు. మొదట్లో పశువుల కాపరి కుర్రాడు ఒకడు మాతో కూడా తిరిగాడు. ఏ గుట్ట మీద మబ్బు కూర్చుంటే ఎంతసేపట్లో వాన పడుతుందో వాడికి తెలిసినంత ఖచ్చితంగా నాకు తెలియదు. అలాంటివాళ్లకి నెల జీతమిచ్చి పెట్టుకోవాలని నోట్‌లో రాశాను, ఇప్పటికీ అదే అంటాను.

ప్రకృతికి తలొంచి టైంటేబుల్ రాసుకోవడం చిన్నతనం కాదు. స్కాట్లండ్‌లోని బారా ద్వీపంలో 1936 నుంచి విమానాలు సముద్రపు ఇసుక మీదే దిగుతున్నాయి. పోటు వస్తే మూడు రన్‌వేలూ నీళ్లలో మునుగుతాయి. రన్‌వే కొసల్ని చెప్పేవి పాతిన కర్రలే. ట్విన్ ఆటర్ విమానం వేళలు పోటు పాటుల్ని బట్టి మారుతుంటాయి, అది ముందే ప్రకటిస్తారు. ప్రజలు దాన్ని నమ్ముతారు, ఎందుకంటే ఎప్పుడు రాదో కూడా వాళ్లకి ముందే తెలుసు. మన దగ్గర కూడా వానాకాలానికి వేరే టైంటేబుల్ ఉండాలి. పొద్దున ఏడింటికి విమానమని రాసి, మబ్బుందని రోజూ రద్దు చేస్తే జనం నాలుగో రోజు నుంచి దాన్ని లెక్కలోంచి తీసేస్తారు.

వెనక నుంచి లెక్కేసుకుంటే ఇంకో విషయం తేలింది. మోటు వైపు నుంచి కబురు మధ్యాహ్నం ఒంటిగంట దాటాక వస్తే ఆ రోజుకి విమానం లేదనుకోవాలి. ఒంటిగంట తర్వాత విమానం కోసం ఎదురుచూడటం కంటే ఉన్న దారిన బయల్దేరడమే మేలు. ఇది డాక్టర్ల గోడ మీద పెద్ద అక్షరాలతో ఉండాలి.

గాల్లో రోగి ఒళ్లు

మా నర్సు అడగకపోతే ఈ భాగం నా నోట్‌లో ఇంత వివరంగా ఉండేది కాదు. "అన్నా, మన పిల్లల్లో సికిల్ సెల్ ఎక్కువ కదా, పైకి తీసుకుపోతే ఏమవుద్ది?" అంది.

కారవాన్ లోపల గాలి ఒత్తిడి బయట ఎంతుంటే అంతే. మల్కనగిరి, విశాఖల మధ్య తూర్పు కనుమలున్నాయి. ఆ వరసలో ఎత్తైన శిఖరాలు 1680 మీటర్ల దాకా లేస్తాయి. వాటికి పైన 2000 అడుగుల ఎడం పెట్టుకుంటే 7500 అడుగుల దగ్గర ఎగరాలి. అక్కడ గాలి ఒత్తిడి నేల మీదున్న దాంట్లో నాలుగింట మూడొంతులే. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి తెలియను కూడా తెలియదు. సికిల్ సెల్ అనే పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బున్న బిడ్డకి, రక్తం బాగా తక్కువున్న గర్భిణికి ఆ తగ్గిన ప్రాణవాయువే కొత్త ప్రమాదం తెచ్చిపెట్టొచ్చు. ఒంట్లో చిక్కుకున్న గాలి కూడా అక్కడ మూడో వంతు దాకా ఉబ్బుతుంది. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినవాళ్లకి, మేం ఊహించుకున్న మనిషిలా పుర్రె పగిలి లోపలికి గాలి పోయినవాళ్లకి అది ప్రాణాంతకం కావచ్చు.

అందుకని ఎక్కించే ముందు డాక్టరు చూడాల్సినవి ఒక చీటీలో రాసుకున్నాం: సికిల్ సెల్ ఉందా, రక్తం ఎంతుంది, ఛాతీలో గాలి చేరిందా, తలకి దెబ్బయితే స్కాన్ లేకుండా ఎంత ఎత్తు దాకా ఒప్పుకోవచ్చు. ఆక్సిజన్ సిలిండరు ఎక్కే ముందు నుంచి దిగి అంబులెన్స్ ఎక్కేదాకా సరిపోవాలి. దాన్ని నలభై నిమిషాలకి కొలిచి పంపితే చాలదు, గంటన్నరకి లెక్క కట్టాలి. ప్రయాణికుల సీట్లు తీసి స్ట్రెచర్ బిగించడానికి వెనకనున్న పెద్ద తలుపు బాగా కలిసొస్తుంది.

దిగే చోటు గురించి కూడా ఒక మాట. విశాఖ విమానాశ్రయం నౌకాదళం వారి ఐఎన్ఎస్ డేగాలో భాగం, అక్కడి వేళలు వాళ్ల అవసరాల్ని బట్టి ఉంటాయి. ముందే మాట్లాడి పెట్టుకోకపోతే రోగి గాల్లో ఉండగా వేచి చూడాల్సి రావచ్చు. రెండో దారిగా రాజమహేంద్రవరం మధురపూడి విమానాశ్రయాన్ని చూసుకున్నాం. మల్కనగిరి నుంచి నేరుగా దక్షిణానికి 140 కిలోమీటర్లు. అక్కడ మబ్బుంటే ఇక్కడ, ఇక్కడ మబ్బుంటే అక్కడ.

డబ్బు

చిన్న ఊళ్లకి విమానాలు నడిపించే కేంద్రం పథకం ఉడాన్‌ని 2016 అక్టోబరులో ప్రకటించారు, మొదటి విమానం 2017 ఏప్రిల్ 27న సిమ్లా నుంచి ఎగిరింది. మన పక్కనే జయపురానికి 2022 అక్టోబరు 31న కారవాన్ సర్వీసు వచ్చింది. ఆ పథకంలో నష్టం పూడ్చే సాయం ఒక్కో రూటుకి మూడేళ్లు. మూడేళ్లలో జనం అలవాటుపడి టికెట్ డబ్బుతోనే విమానం నడుస్తుందని దాని వెనకున్న నమ్మకం. పెద్ద పట్టణాల మధ్య అది కుదురుతుంది. కల్లుగీత మనిషి, పోడు రైతు, ఆశ్రమ పాఠశాల టీచరు ఉండే చోట టికెట్లతో విమానం ఎప్పటికీ నడవదు, నడవాలనుకోవడమూ న్యాయం కాదు. గ్లాస్గో నుంచి బారాకి పోయే విమానాన్ని స్కాట్లండ్ ప్రభుత్వం ప్రజాసేవ బాధ్యతగా డబ్బిచ్చి నడిపిస్తోంది. రోడ్డుకి తారు పోస్తే అది లాభమెంత తెచ్చిందని ఎవరూ అడగరు. భువనేశ్వర్ నుంచి స్పెషలిస్టుల్ని విమానంలో తెచ్చే ముఖ్యమంత్రి వాయు స్వాస్థ్య సేవ ఇలాంటి ఆలోచనతోనే పుట్టింది. డాక్టర్లు వచ్చే దారినే రోగి పోయేలా చూడమన్నదే మా విన్నపం.

ఏం చేశాం, ఏం మిగిలింది

నోట్ ఇచ్చాక పెద్ద మార్పులు రాలేదు, చిన్నవి వచ్చాయి. ఆశా దీదీల దగ్గర ఇప్పుడు తెలుగులో, ఒడియాలో రాసిన ఒక అట్ట ఉంది: ఎవరికి ఫోన్ చేయాలి, ఏం చెప్పాలి, ఒంటిగంట నియమం, ఒక్క తోడు మనిషి. మెరక మీది మైదానం కొలతలు సంబంధిత ఆఫీసులో ఉన్నాయి.

అన్నిటికంటే మేలు చేసిన నిర్ణయానికి విమానంతో పనే లేదు. మా లెక్కల్లో ఊహించుకున్న రోగుల జాబితా మళ్లీ చూసుకుంటే, వరదప్పుడు ప్రాణం మీదికి రాగల వాళ్లలో ముందే తెలిసేది ఎవరికి? నెలలు నిండుతున్న గర్భిణులకి. వాళ్లని గోదావరి మొదటి హెచ్చరిక స్థాయి దగ్గరున్నప్పుడే, శబరి ఇంకా దారిస్తుండగానే 'మా గృహ' అనే ఇళ్లకి చేర్చడం మొదలుపెట్టారు దీదీలు. కాన్పు కోసం ముందుగా వచ్చి ఉండటానికి ఒడిశా ప్రభుత్వం పెట్టిన ఇళ్లవి. "నీళ్లు చూశాక కదిలేది కాదక్కా, నీళ్ల కబురు విన్నాక కదలాలి" అని ఒక దీదీ ఇంటింటికీ తిరిగి చెప్పింది. పాముకాటుకి కూడా విమానం జవాబు కాదు, మందు ఊరి దగ్గర ఆస్పత్రిలోనే ఉండాలి. అలా ఒక్కొక్కటీ పక్కన పెడితే విమానమే దిక్కైన కేసులు కొన్నే మిగులుతాయి. ఆ కొన్నిటికి అది ఖచ్చితంగా రావాలి.

మిగిలిన పనులు మూడు. డ్యూటీ డాక్టరు మాట మీదే విమానం బయల్దేరేలా రాతపూర్వకమైన ఉత్తర్వు ఇంకా రాలేదు. స్ట్రిప్ దగ్గర గంట గంటకీ ఆకాశం చూసి చెప్పే మనిషికి జీతం పద్దు లేదు. మోటు మైదానం నుంచి మల్కనగిరి దాకా హెలికాప్టర్, అక్కడి నుంచి విశాఖ దాకా విమానం కలిపి ఒక్క రిహార్సల్ కూడా జరగలేదు. అది ఎండాకాలంలో కాకుండా ఆగస్టులో, మబ్బున్న రోజే పెట్టమని అడిగాం.